టికెట్టు ధరను వదిలేశారు, విమానాన్ని వదల్లేదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ప్రభుత్వం పక్కకు తప్పుకుంటే మార్కెట్ తనంతట తానే సర్దుకుంటుందని మీ ప్రొఫెసర్ ఒకరు చెబుతున్నారు. పగ్గాలు వదిలితే కంపెనీలు జనాన్ని నంజుకు తింటాయని ఇంకొకరు అంటున్నారు. ఇద్దరి దగ్గరా గట్టి ఉదాహరణలే ఉన్నాయి, మరి ఎవరిని నమ్మాలి? చివర్లో ఇంకోటి కూడా అడిగారు: ఒకసారి పెట్టిన నియంత్రణ ఎప్పటికైనా పోతుందా అని.

ఇద్దరి ఉదాహరణలూ నిజమే అయ్యుంటాయి. చాలాసార్లు ఒకే పరిశ్రమ కథలోంచి చెరో సగం ఏరుకుని వాదిస్తుంటారు, అంతే. నా ఉద్యోగ జీవితం చాలావరకు కంపెనీల రేట్లు ఖరారు చేసే టారిఫ్ విచారణల్లో, లైసెన్సు ఫైళ్ల మధ్యే గడిచింది. నియంత్రణ ఎక్కువ ఉండాలా తక్కువ ఉండాలా అన్న వాదన అక్కడ ఏ ఫైలునూ ఒక్క అంగుళం ముందుకు కదిలించగా నేను చూడలేదు. ఈ నియంత్రణ దేని మీద? తేడా వస్తే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ రెండూ అడిగితే మాత్రం చిక్కుముడి చాలావరకు విడిపోయేది. అమెరికా విమానయానం కథ చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. కాస్త వివరంగానే చెబుతాను, ఎందుకంటే మీ ప్రొఫెసర్లు ఇద్దరూ అందులో దొరుకుతారు.

1938 నాటి చట్టం దగ్గర్నుంచి నలభై ఏళ్లపాటు అక్కడ ఏ కంపెనీ ఏ రూట్లో తిరగాలి, టికెట్టు ఎంతకు అమ్మాలి అన్నది సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు నిర్ణయించేది. ధర పెంచుతానంటే సరే, తగ్గిస్తానన్నా బోర్డు ఒప్పుకోవాలి. ఒక కంపెనీ కొత్త రూటు అడిగితే ఆ రూట్లో అప్పటికే ఉన్న కంపెనీలు వచ్చి అభ్యంతరం చెప్పొచ్చు. దేశాన్ని చుట్టే పెద్ద రూట్లలోకి ఆ నలభై ఏళ్లలో ఒక్క కొత్త కంపెనీకి కూడా బోర్డు తలుపు తీయలేదు. ధరలో పోటీ పడే వీల్లేదు కాబట్టి హంగుల్లో పోటీ పడ్డారు. 1970ల మొదట్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన జంబో జెట్లలో పియానో కూడా పెట్టింది. విమానంలో పియానో ఉంది, సగం సీట్లు ఖాళీగా ఉన్నాయి, టికెట్టు మాత్రం మామూలు ఉద్యోగికి అందదు.

ఇది నియంత్రణ వల్లేనని రుజువేమిటి? బోర్డు అధికారం రాష్ట్రం దాటే విమానాల మీదే. కాలిఫోర్నియా లోపల తిరిగే పీఎస్‌ఏ, 1971 నుంచి టెక్సాస్ లోపల తిరిగిన సౌత్‌వెస్ట్ దాని పరిధిలోకి రావు. ఇంచుమించు అంతే దూరానికి ఈ కంపెనీల టికెట్టు దాదాపు సగం ధరకే దొరికేది. అవే విమానాలు, అదే ఇంధనం. 1975లో సెనేటర్ ఎడ్వర్డ్ కెన్నెడీ ఉపసంఘం ఈ పోలికనే బోర్డు ముందు పెట్టి వివరణ అడిగింది. ఆ విచారణలకు సలహాదారుగా పనిచేసిన లాయర్ స్టీఫెన్ బ్రయర్ తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయ్యారు. 1977లో ఆల్ఫ్రెడ్ కాన్ అనే ఆర్థికవేత్తను బోర్డు ఛైర్మన్‌గా వేస్తే, ఆయన వచ్చీ రాగానే తన కుర్చీ అవసరం లేకుండా చేసే పని మొదలుపెట్టారు. 1978 అక్టోబరు 24న అధ్యక్షుడు కార్టర్ చట్టం మీద సంతకం పెట్టారు. ధరలు, రూట్లు కంపెనీల ఇష్టానికి వదిలేశారు.

దీన్ని ఎక్కువగా వ్యతిరేకించింది ఎవరో చూడండి. యునైటెడ్ లాంటి ఒకటి రెండు తప్ప, పెద్ద విమాన కంపెనీలే. స్వేచ్ఛ ఇస్తాం తీసుకోండి అంటే ప్రైవేటు కంపెనీలు వద్దు మొర్రో అన్నాయి. వ్యాపారులంతా స్వేచ్ఛా మార్కెట్ పక్షాన, ప్రభుత్వాలు నియంత్రణ పక్షాన ఉంటాయని అనుకునేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను. కొత్తవాడు రాకుండా కాపలా కాసే నియంత్రణ అంటే పాతుకుపోయిన కంపెనీకి ప్రాణం.

తర్వాత ఏమైంది? ద్రవ్యోల్బణం తీసేసి లెక్కిస్తే టికెట్లు చవకయ్యాయి, జనం తండోపతండాలుగా విమానం ఎక్కారు. 1982లో బ్రానిఫ్, 1991లో ఈస్టర్న్, పాన్ యామ్ మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయినవాళ్లకు ఈ సంస్కరణ మీద వేరే అభిప్రాయం ఉంటుంది, ఉండాలి కూడా. చిన్న ఊళ్లకు సర్వీసులు ఆగిపోతాయని ముందే ఊహించి ఆ చట్టంలోనే సబ్సిడీ పెట్టారు. ఆ తర్వాత విలీనాలు మొదలయ్యాయి. ఇవాళ అక్కడి దేశీయ మార్కెట్లో సింహభాగం నాలుగు కంపెనీల చేతిలో ఉంది. పోటీ కోసం వదిలేసిన రంగంలో పోటీ మిగిలేలా చూడ్డానికి మళ్లీ ఎవరో ఒకరు విలీనాలపై కన్నేసి ఉంచాలి. ఆ పని అక్కడ సరిగ్గా జరగలేదన్నది నా అభిప్రాయం.

మొదటి ప్రొఫెసర్ ఉదాహరణ ఇక్కడితో అయిపోతుంది. కానీ 1978 చట్టం విమాన భద్రత జోలికి పోలేదు. రెక్కకు ఎన్ని పరీక్షలు చేయాలి, పైలట్ ఎన్ని గంటలు నడపొచ్చు, ఏ భాగం ఎప్పుడు మార్చాలి, ఇవన్నీ ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉన్నాయి. టికెట్టు ధర ప్రయాణికుడి కంటికి కనపడుతుంది. ఎక్కువనిపిస్తే పక్క కంపెనీకి పోతాడు. ఇంజిన్ లోపల బోల్టు బిగుసుగా ఉందో లేదో అతనికి కనపడదు. కనపడనిదానికి అతను బేరం ఆడలేడు. బేరం ఆడలేనిచోట పోటీ పెంచినా, మంచి సరుకు ఇచ్చేవాడికి దాని విలువ దక్కదు, ఖర్చు మాత్రం మీద పడుతుంది. ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసం సారాంశం ఇంచుమించు ఇదే.

భద్రత అనే ఈ రెండో సగాన్ని కూడా వదులు చేస్తే ఏమవుతుందో బోయింగ్ 737 మ్యాక్స్ చూపించింది. కొత్త విమానం డిజైన్‌ను పరిశీలించి ఆమోదించే పనిలో చాలా భాగాన్ని ఆ ప్రభుత్వ సంస్థ ఏళ్ల తరబడి తయారీదారు ఉద్యోగులకే అప్పగిస్తూ వచ్చింది. ఇంతమంది ఇంజినీర్లను మేం పోషించలేం, వాళ్లకే బాగా తెలుసు అన్నది వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. మ్యాక్స్‌లో ఎమ్‌క్యాస్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ముక్కు మరీ పైకి లేస్తోందనిపిస్తే అది తనంతట తానే తోక దగ్గరి రెక్కను తిప్పి ముక్కును కిందికి దించుతుంది. మొదట ఇచ్చిన భద్రతా విశ్లేషణలో ఒక్కోసారికి అది తిప్పగలిగేది 0.6 డిగ్రీలు. పరీక్షల తర్వాత దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. పెంచిన సంగతి ఆమోదించే సంస్థలో చూడాల్సిన వాళ్లందరికీ చేరలేదు. అంత శక్తి ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకే ఒక్క సెన్సర్ మాట విని పనిచేసేది. పైలట్ల మాన్యువల్‌లో దాని ఊసే లేదు. ఉంటే పైలట్లకు అదనపు శిక్షణ కావాలి, శిక్షణ కావాలంటే విమాన కంపెనీలకు ఖర్చు, ఖర్చయితే అమ్మకానికి ఇబ్బంది.

2018 అక్టోబరు 29న ఇండోనేసియాలో లయన్ ఎయిర్ విమానం కూలి 189 మంది పోయారు. 2019 మార్చి 10న ఇథియోపియాలో రెండోది కూలి 157 మంది. ఆ తర్వాత ప్రపంచమంతటా ఆ మోడల్‌ను నేలకు దించేశారు. అమెరికాలో అది మళ్లీ ఎగరడానికి 20 నెలలు పట్టింది. 2021లో క్రిమినల్ కేసు రాజీ కింద కంపెనీ 250 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. అసలు వ్యాపార నష్టం దానికి ఎన్నో రెట్లు.

పేరు పోతుందన్న భయమే కంపెనీలను అదుపులో పెడుతుంది అని మొదటి ప్రొఫెసర్ అంటే కొట్టిపారేయకండి. మార్కెట్ బోయింగ్‌ను నిజంగానే శిక్షించింది. కాకపోతే ఆ శిక్ష పడేలోపు రెండో విమానం కూడా బయల్దేరింది. తప్పు వల్ల పోయేది డబ్బయితే తర్వాత శిక్షించి సరిపెట్టుకోవచ్చు. పోతే తిరిగిరానివి పణంగా ఉన్నప్పుడు ముందే ఆపే మనిషి ఒకరు కావాలి.

ఆ ఆపే మనిషికి అమెరికా చరిత్రలో పేరుంది: ఫ్రాన్సిస్ కెల్సీ, మందులను ఆమోదించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో అధికారి. 1960 సెప్టెంబరులో థాలిడోమైడ్ అనే నిద్రమాత్ర దరఖాస్తు ఆవిడ బల్ల మీదికి వచ్చింది. 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదం వచ్చినట్టే లెక్క. కంపెనీ వాళ్లు ఫోన్లు చేశారు, పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. ఆవిడ ప్రతిసారీ డేటా చాల్లేదని వెనక్కి పంపారు. 1961 చివర్లో జర్మనీలో విషయం బయటపడింది. గర్భిణులు వాడితే బిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా లేకుండా పుడుతున్నారు. ప్రపంచవ్యాప్తంగా అలాంటి పిల్లలు పది వేలకు పైనే. ఆ మాత్ర అప్పట్లో అమెరికాలో అమ్మకానికి రాలేదు. 1962లో చట్టం బిగించారు: మందు ప్రమాదకరం కాదని చూపిస్తే చాలదు, పనిచేస్తుందనీ నిరూపించాలి.

ఈ కథను నియంత్రణ సమర్థకులు ఇక్కడ ఆపేస్తారు. నేను ఆపను. చెడ్డ మందును ఆమోదించిన అధికారి ఫొటో పేపర్లో పడుతుంది. మంచి మందును మూడేళ్లు ఆలస్యం చేసిన అధికారి పేరు ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఆ మందు అందక పోయినవాళ్లకు అలాంటి మందు ఒకటి ఉందనే తెలియదు. అందుకే ఆ సీట్లో కూర్చున్న ఎవరికైనా ఇంకో పరీక్ష అడగడమే క్షేమం. ఇది దుర్మార్గం కాదు, ఉద్యోగ భయం. 1980ల్లో ఎయిడ్స్ రోగులు ఈ నిశ్శబ్దాన్ని బద్దలుకొట్టారు. 1988 అక్టోబరులో వెయ్యి మందికి పైగా ఎఫ్‌డీఏ ప్రధాన కార్యాలయాన్ని చుట్టుముట్టి, మీ పరీక్షలు అయ్యేలోపు మేం ఉండం అన్నారు. 1992లో ప్రాణాంతక వ్యాధుల మందులకు త్వరిత ఆమోదం పద్ధతి తెచ్చారు. అదే ఏడాది కంపెనీల నుంచి ఫీజు తీసుకుని పరిశీలకుల సంఖ్య పెంచే చట్టమూ వచ్చింది, ఫైళ్లు వేగంగా కదిలాయి. ఫీజు ఇచ్చేవాడి ఫైలును కఠినంగా చూడగలరా అన్న అనుమానం కూడా ఆ రోజే మొదలైంది. నా దృష్టిలో ఆ అనుమానం సబబే, అయినా మునుపటి ఆలస్యం కంటే ఇది మేలు.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైనది సగం వదిలేసి సగం పట్టుకోవడం. 1980ల్లో అమెరికాలో ఇళ్ల రుణాలిచ్చే పొదుపు సంస్థలకు జరిగింది ఇదే. అంతకుముందు వాటికి ఎంత వడ్డీ ఇవ్వాలో, ఎవరికి అప్పివ్వాలో గీతలు గీసి ఉండేవి. 1980, 1982 చట్టాలతో ఆ గీతలు చెరిపారు. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్లోకి, రిస్కు ఎక్కువున్న వ్యాపారాల్లోకి డబ్బు పెట్టుకోనిచ్చారు. డిపాజిట్లకు ప్రభుత్వ బీమా మాత్రం తీయలేదు సరికదా, ఖాతాకు 40 వేల డాలర్లున్న హామీని లక్షకు పెంచారు. డిపాజిటర్‌కు భయం లేదు, కాబట్టి యజమాని ఏం చేస్తున్నాడో చూడడు. యజమానికేమో గెలిస్తే లాభం తనది, ఓడితే బిల్లు సర్కారుది. 1986 నుంచి 1995 లోపు వెయ్యికి పైగా సంస్థలు మునిగాయి. పన్ను కట్టేవాళ్ల మీద సుమారు 12,400 కోట్ల డాలర్ల భారం పడింది. దీన్ని స్వేచ్ఛా మార్కెట్ వైఫల్యం అని రాసేవాళ్లున్నారు, ప్రభుత్వ వైఫల్యం అని రాసేవాళ్లూ ఉన్నారు. లాభానికి తాళం తీసి నష్టానికి హామీ ఇచ్చిన ఏర్పాటును ఏ సిద్ధాంతం పుస్తకమూ సమర్థించదు.

కాలిఫోర్నియా కరెంటు సంక్షోభం దీనికి తమ్ముడు. 1996 చట్టంతో టోకు మార్కెట్లో కరెంటు ధర వదిలేశారు, వినియోగదారుడి రేటు మాత్రం బిగించి ఉంచారు. పంపిణీ కంపెనీలు ఏ రోజు కరెంటు ఆ రోజు టోకు మార్కెట్లో కొనాల్సిందే. 2000 వేసవిలో గిరాకీ పెరిగి టోకు ధర చుక్కలనంటింది. ఇళ్లలో రేటు మారలేదు కాబట్టి వాడకం తగ్గలేదు. కొనేవాడికి వద్దనే వీల్లేదని అమ్మేవాళ్లకు తెలిసిపోయింది. ఏదో ఒక సాకు చెప్పి ప్లాంటు ఆపెయ్యమని ఎన్‌రాన్ అనే కరెంటు వ్యాపార కంపెనీ ట్రేడర్లు ఫోన్లో చెప్పిన టేపులు తర్వాత బయటికొచ్చాయి. 2001 ఏప్రిల్‌లో పీజీ అండ్ ఈ అనే పెద్ద పంపిణీ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

మీ ప్రశ్నలో ప్రభుత్వం, మార్కెట్ ఎదురెదురుగా నిలబడిన శత్రువుల్లా ఉన్నాయి. ప్రభుత్వమే పూనుకుని మార్కెట్‌ను సృష్టించిన సందర్భం ఒకటి చెబుతాను. బొగ్గు ప్లాంట్ల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ ఆమ్లవర్షంగా కురిసేది. 1977లో అమెరికా తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త ప్లాంటు ఏ బొగ్గు కాల్చినా సరే పొగను శుద్ధి చేసే స్క్రబ్బర్ యంత్రం పెట్టక తప్పదు. పడమటి గనుల్లో సల్ఫర్ తక్కువుండే బొగ్గు ఉంది, అది కాలిస్తే తక్కువ ఖర్చులో పని అయిపోయేది. అయినా యంత్రమే పెట్టాలని ఎందుకన్నారు? తూర్పు గనుల్లో సల్ఫర్ ఎక్కువుండే బొగ్గు అమ్ముడుపోవాలి కనుక. పర్యావరణవాదులు, తూర్పు గనుల వాళ్లు ఒకే నిబంధన వెనుక చేతులు కలిపారు. ఆర్థికవేత్త బ్రూస్ యాండిల్ 1983లో ఇలాంటి పొత్తులకు ఒక పోలిక చెప్పారు: ఆదివారం మద్యం అమ్మకూడదని మతబోధకులు ఉద్యమిస్తుంటే, దొంగసారా వ్యాపారులు లోలోపల సంతోషిస్తూ మద్దతిస్తారు.

1990లో పద్ధతి మార్చారు. దేశం మొత్తానికి ఇన్ని టన్నులే అని హద్దు పెట్టి, టన్నుకో పర్మిట్ చొప్పున ప్లాంట్లకు పంచి, అమ్ముకోండి కొనుక్కోండి అన్నారు. ఎలా తగ్గిస్తారో మీ ఇష్టం, కానీ ప్రతి పొగగొట్టానికీ నిరంతరం కొలిచే మీటరు ఉండాలి, హద్దు దాటితే టన్నుకు 2,000 డాలర్ల జరిమానా. కాలుష్యం బాగా తగ్గింది, ఖర్చు మొదట వేసిన అంచనాలకంటే చాలా తక్కువైంది. తక్కువ కావడానికి ఒక కారణం ఎవరూ అనుకోనిది. 1980లో రైలు సరుకు రవాణా మీద ధరల నియంత్రణ సడలించడంతో పడమటి బొగ్గును దూరం తరలించడం చవకైంది. ఒకచోట వదులు చేసిన ముడి ఇంకోచోట బిగించిన ముడికి సాయపడిందన్నమాట. మీటరు లేకపోయుంటే ఈ మార్కెట్ మొదటి ఏడాదే అబద్ధాల సంత అయ్యేది.

నియంత్రణ మీద నాకున్న అసలు దిగులు దాని కఠినత్వం గురించి కాదు, అది ఎవరి చెవికి దగ్గరగా ఉంటుందన్న దాని గురించి. ఒక మామూలు టారిఫ్ విచారణ గది ఊహించుకోండి. కంపెనీ వైపు లాయర్లు, ఆడిటర్లు, రంగురంగుల చార్టులు. వాళ్లకు ఆ ఫైలే జీవనాధారం. వినియోగదారుల వైపు కుర్చీలు చాలా రోజులు ఖాళీగా ఉంటాయి, ఎందుకంటే ఒక్కొక్కరికి పడే భారం నెలకు కాసిన్ని రూకలు, దానికోసం పని మానుకుని ఎవరొస్తారు? రోజూ కనిపించే మొహాలు, పరిచయమైన వాదనలు, రిటైరయ్యాక ఉద్యోగమిచ్చే అవకాశమున్న కంపెనీ. లంచం అక్కర్లేదు, అలవాటు చాలు. ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1971లో చెప్పింది ఇదే: నియంత్రణను చాలాసార్లు ఆ పరిశ్రమే సంపాదించుకుంటుంది, తన అవసరాలకు తగ్గట్టు మలుచుకుంటుంది. స్టిగ్లర్‌ను చదివి నియంత్రణే వద్దనేవాళ్లతో నేను ఏకీభవించను. ఖాళీ కుర్చీలో జీతమిచ్చి ఒక వినియోగదారుల న్యాయవాదిని కూర్చోబెట్టడం, కంపెనీ ఇచ్చిన లెక్కలు అందరూ చూసేలా బయటపెట్టడం లాంటివి చాలా చవకైన మందులు.

స్వేచ్ఛా మార్కెట్‌కు మూలపురుషుడని చెప్పుకునే ఆడమ్ స్మిత్‌నే చూడండి. ఒకే వ్యాపారంలో ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే ధరలు పెంచే కుట్రతోనే మాట ముగుస్తుందని 1776లోనే అన్నారు. బ్యాంకులు మరీ చిన్న విలువ నోట్లు జారీ చేయకుండా ఆపడం స్వేచ్ఛకు అడ్డే అయినా, మంట పాకకుండా ఇళ్ల మధ్య గోడ కట్టమనే నిబంధన లాంటిదేనని సమర్థించారు కూడా. ఆయన్ని ఒకే వైపు లాగేవాళ్లు ఆ పేజీల దాకా వెళ్లినట్టు లేరు.

ఇక మీ రెండో ప్రశ్న, పెట్టిన నియంత్రణ ఎప్పటికైనా పోతుందా అన్నది. పోతుంది, కానీ లాభపడేవాళ్లు తేలిగ్గా పోనివ్వరు. రైలు కంపెనీల దోపిడీ నుంచి రైతులను, చిన్న వ్యాపారులను కాపాడాలని 1887లో అమెరికా ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ పెట్టింది. ఆనాడు అది అవసరమే. 1935లో లారీలు కూడా దాని కిందికి వచ్చాయి. రైలు కంపెనీకి ఉన్న గుత్తాధిపత్యం లారీకి ఎక్కడుంది? ఒక లారీ కొనుక్కున్న ఎవరైనా పోటీకి దిగొచ్చు. అయినా ఏ రూటు, ఏ సరుకు అన్నది పర్మిట్‌లో రాసి ఉండేది, తిరుగు ప్రయాణానికి అనుమతి లేని లారీ ఖాళీగా రావాల్సిందే. పర్మిట్లు దొరకవు కాబట్టి వాటికే పెద్ద విలువ, కంపెనీలు వాటిని ఆస్తిగా లెక్కల్లో చూపించేవి. 1980లో దాన్ని సడలిస్తామంటే లారీ యజమానుల సంఘం, డ్రైవర్ల యూనియన్ రెండూ వ్యతిరేకించాయి. వేరే ఏ విషయంలోనూ వాళ్లకు పొసగదు. చట్టం వచ్చాక ఆ కాగితాల విలువ సున్నా అయింది, పుస్తకాల్లోంచి కొట్టేసుకున్నారు.

1995 చివర్లో కమిషన్‌నే మూసేశారు. కొన్ని పనులు మాత్రం సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు అనే చిన్న సంస్థకు అప్పగించారు. ఒకే రైలు మార్గం మీద ఆధారపడి, వేరే దారి లేని గనులు, ఫ్యాక్టరీలు ధర అన్యాయంగా ఉందని ఫిర్యాదు చేస్తే వినే పని వాటిలో ఒకటి. అలాంటి ఫిర్యాదులు ఇప్పటికీ దాని ముందుకు వస్తూనే ఉన్నాయి.